బడికి వెళ్లలేని ఆటిజం పిల్లల చదువు: గోదావరి డెల్టాలో ఏ దారులున్నాయి?

గోదావరి డెల్టా పల్లెల్లో ఆటిజం ఉన్న పిల్లల చదువు ఐదో తరగతి దాకా ఏదో ఒక విధంగా నడిచిపోతుంది. ఊళ్లోని ప్రాథమిక పాఠశాలలో పిల్లలు తక్కువ, ఉన్న ఒకరిద్దరు టీచర్లకు ఆ బిడ్డ సంగతి ముందే తెలుసు, ఇల్లు కూతవేటు దూరంలోనే ఉంటుంది. చిక్కు హైస్కూలుతో మొదలవుతుంది. పక్క ఊరికి కిక్కిరిసిన ఆటోలో వెళ్లాలి, పీరియడ్‌కో టీచరు మారతారు, గంట కొట్టిన ప్రతిసారీ వరండాలో అరుపులు, మధ్యాహ్న భోజనం దగ్గర తోపులాట. ప్రైవేటు బడి అయితే దానికి తోడు చీకటి పడేదాకా స్టడీ అవర్లు. పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో ఒక రోజు ఆ పిల్లవాడు యూనిఫాం వేసుకోనంటాడు, మర్నాడు ఆటో చప్పుడు వినగానే మంచం కిందికి దూరతాడు, నెల తిరిగేసరికి బడి అన్న మాటే ఇంట్లో ఎత్తలేని పరిస్థితి వస్తుంది.

అప్పుడు ఇంట్లో వాళ్లు అందరినీ అడిగే ప్రశ్న ఒకటే: వేరే ఏ బడిలో చేర్పిస్తే బాగుంటుంది? ఈ ప్రశ్నలో నాలుగు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. రిజిస్టరులో పేరు ఉండడం ఒకటి, రోజూ ఏదో ఒకటి నేర్చుకోవడం ఇంకొకటి, పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవడం మూడోది, ప్రభుత్వం నుంచి రావలసిన సాయం అందుకోవడం నాలుగోది. బడికి వెళ్లే పిల్లలకు ఇవన్నీ చాలావరకు ఒకే ఆవరణలో దొరుకుతాయి కాబట్టి ఎవరూ వాటిని విడదీసి చూడరు. వెళ్లలేని పిల్లల విషయంలో మాత్రం విడదీయక తప్పదు, ఎందుకంటే ఒక్కోదాన్ని ఒక్కో చోటి నుంచి తెచ్చుకోవలసి ఉంటుంది, తెచ్చుకోవడానికి చట్టం వీలు కూడా కల్పించింది.

ముందు కారణం గురించి కొంత చెప్పాలి. ఆటిజం ఉన్నవారిలో చాలామందికి శబ్దం, వెలుతురు, వాసన, స్పర్శ భరించలేనంత తీవ్రంగా తగులుతాయి. బడిలో ఆరేడు గంటలు వాటిని ఓర్చుకుని ఇంటికి వచ్చాక కుప్పకూలిపోయే పిల్లలుంటారు. బడి వాళ్లు మాత్రం "మా దగ్గర బాగానే ఉంటాడండీ" అంటారు, అది అబద్ధం కూడా కాదు. ఆ ఓర్పు అయిపోయిన రోజున పిల్లవాడు ఆగిపోతాడు. దాన్ని మొండితనంగా తీసుకుని లాక్కెళ్లి దింపి వచ్చే కొద్దీ పరిస్థితి ముదురుతుంది. ఏడాది కిందటి దాకా బాగా వెళ్లిన పిల్లవాడు హఠాత్తుగా మానేస్తే ఒళ్లు కూడా పరీక్ష చేయించాలి: పంటి నొప్పి, మలబద్ధకం వంటివి మాటల్లో చెప్పలేని పిల్లల్లో ఇలాగే బయటపడతాయి, పైగా ఆటిజం ఉన్నవారిలో కౌమారంలో మూర్ఛ మొదలయ్యే అవకాశం మిగతా పిల్లల కంటే ఎక్కువ. ఎవరైనా కొడుతున్నారా, వెక్కిరిస్తున్నారా అన్నది కూడా విచారించాలి. ఇవన్నీ చూసి, కొన్ని వారాలు పుస్తకం ఊసెత్తకుండా విశ్రాంతి ఇచ్చాకే తర్వాతి ఆలోచన ఫలిస్తుంది.

ఇక రిజిస్టరులో పేరు. విద్యా హక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. ఆరు నుంచి 14 ఏళ్ల వరకు అది వర్తిస్తుంది. 2012లో దానికి చేసిన సవరణ ప్రకారం తీవ్ర వైకల్యం లేదా ఒకటి కంటే ఎక్కువ వైకల్యాలు ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువు ఎంచుకునే హక్కు ఉంది. 14 నిండితే ఆ చట్టం వదిలేస్తుంది గాని, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అక్కడ అందుకుంటుంది: 40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ ఉన్న పిల్లలకు 18 ఏళ్లు వచ్చేవరకు దగ్గరలోని బడిలో గాని, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్య పొందే హక్కును ఆ చట్టంలోని 31వ సెక్షన్ ఇస్తోంది. పద్నాలుగేళ్లు దాటాయి కదా, ఇక మా బాధ్యత లేదు అని ఏ ప్రభుత్వ బడి అయినా అంటే ఈ సెక్షన్ పేరు చెప్పవచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇంటి దగ్గర చదువు అన్నది తల్లిదండ్రులు ఎంచుకోవడానికి ఇచ్చిన హక్కు. పిల్లవాణ్ణి వదిలించుకోవడానికి బడికి ఇచ్చిన వెసులుబాటు కాదు. "ఇంట్లోనే ఉంచుకోండి, టీసీ ఇచ్చేస్తాం" అన్న మాట వినిపించినప్పుడు చాలామంది బతిమాలలేక తీసుకుని వచ్చేస్తారు. తర్వాతి దారి ఖాయమయ్యే వరకు టీసీ తీసుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. టీసీ తీసుకుని ఇంకెక్కడా చేర్పించకపోతే ఆన్‌లైన్ లెక్కల్లో పిల్లవాడు డ్రాప్‌బాక్సులోకి, అంటే ఏ బడికీ చెందనివారి జాబితాలోకి వెళతాడు, ఆ తర్వాత మండలంలో ఎవరికీ అతను తమ విద్యార్థి అనిపించడు. ప్రైవేటు బడిలో నెట్టుకు రాలేని పక్షంలో ఊళ్లోని జిల్లా పరిషత్ హైస్కూలుకు పేరు మార్పించి, సహిత విద్య, అంటే వైకల్యం ఉన్న పిల్లలను మామూలు బడి పరిధిలోనే చదివించే ఏర్పాటు కింద ఇంటి దగ్గర చదివే విద్యార్థిగా నమోదు చేయమని హెడ్మాస్టరుకూ ఎంఈఓకూ రాతపూర్వకంగా అర్జీ పెట్టడం ఉత్తమం. పూర్తిగా మానడానికీ పూర్తిగా వెళ్లడానికీ మధ్య కూడా మెట్లున్నాయి: ప్రార్థన అయిపోయాక వెళ్లి రెండు పీరియడ్లు కూర్చుని వచ్చేయడం, పరీక్షలకు మాత్రమే వెళ్లడం, వారంలో కొన్ని రోజులు మండలంలో ఇలాంటి పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి వెళ్లడం. హెడ్మాస్టరు మనసున్నవారైతే వీటిలో చాలావరకు కుదురుతాయి. కుదరదంటే, వైకల్యం ఉన్న పిల్లల ప్రవేశాల విషయాలు చూడడానికి జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో ఒక నోడల్ అధికారి ఉండాలని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. అమలాపురం, కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం, ఏలూరు కలెక్టరేట్లలో సోమవారం నాడు జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే దానికి ఒక నంబరు పడుతుంది. ఆ నంబరు ఉన్న కాగితం తర్వాత పనికొస్తుంది.

పేరు ఉన్నంత మాత్రాన చదువు వచ్చినట్టు కాదు. మన రాష్ట్రంలో సమగ్ర శిక్ష అనే పాఠశాల విద్యా పథకం కింద మండలాల్లో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి, వాటిలో ఐఈఆర్‌పీలని పిలిచే సహిత విద్య టీచర్లు పనిచేస్తారు. కేంద్రానికి రాలేని పిల్లల ఇళ్లకు వెళ్లి చెప్పడం కూడా వారి విధుల్లో భాగం. ప్రత్యేక అవసరాలున్న ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున పది నెలల స్టైపెండ్, రవాణాకు, తోడు వెళ్లేవారికి భత్యాలు ఈ పథకంలోనే ఉన్నాయి. ఇంతవరకు కాగితం మీద బాగుంది. లంక గ్రామంలో ఉండే తల్లికి భవిత కేంద్రం అంటే రేవు దాకా నడక, పడవ, ఆ తర్వాత ఆటో. రానూపోనూ కూలి రోజు పోయినట్టే. జులై, ఆగస్టుల్లో వరద వస్తే ఆ దారి కూడా మూసుకుపోతుంది. ఐఈఆర్‌పీ ఇంటికి వచ్చినా వారానికి ఒక గంట గడిపితే గొప్ప. అందుచేత వారిని పాఠం చెప్పే టీచరుగా కాక, ఇంట్లోవాళ్లకు పద్ధతి నేర్పే మనిషిగా వాడుకోవడం తెలివైన పని. ఈ వారం మేము ఇది చేశాం, ఇక్కడ ఆగిపోయాడు, ఇక ఏం చేయాలి అని అడగడానికి ఒక నోటు పుస్తకం సిద్ధంగా ఉంటే ఆ గంట వృథా పోదు.

స్తోమత ఉన్నవారు పట్టణాల్లో ప్రైవేటు స్పెషల్ ఎడ్యుకేటర్ని పెట్టుకుంటారు. 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐలో ఆ వ్యక్తికి రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ప్రత్యేక పాఠశాలలూ పట్టణాల్లో ఉన్నాయి గాని, చాలా చోట్ల చిన్నపిల్లల మీదే దృష్టి ఎక్కువ, పైగా తెలివితేటల్లో ఏ లోటూ లేని పదిహేనేళ్ల పిల్లవాణ్ణి పూసలు గుచ్చడానికి కూర్చోబెడితే అతనికి అది శిక్షే. చేర్పించే ముందు ఒక పూట అక్కడ కూర్చుని, తమ పిల్లవాడి వయసు, స్థాయి ఉన్న ఇంకొకరు అక్కడ ఏం చేస్తున్నారో చూడాలి. హాస్టల్‌తో కూడిన కేంద్రాల గురించి నాకు సందేహాలున్నాయి: ఆరు గంటల తరగతిని భరించలేని బిడ్డకు ఇరవై నాలుగు గంటల గుంపు ఎలా నప్పుతుంది? తప్పనిసరై చూడవలసి వస్తే 2016 చట్టం కింద ఆ సంస్థకు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉందో లేదో, రాత్రిపూట ఎవరు ఉంటారో, ముందుగా చెప్పకుండా వచ్చి చూడనిస్తారో లేదో తెలుసుకోవాలి.

కాబట్టి చాలా కుటుంబాల్లో రోజువారీ చదువు ఇంట్లోనే, ఎక్కువగా అమ్మ చేతుల మీదుగా సాగుతుంది. ఇక్కడ జరిగే పొరపాటు బడి టైంటేబుల్‌ను ఇంట్లోకి తెచ్చి పెట్టడం. ఆటిజం ఉన్న పిల్లలకు క్రమం కావాలి, నిజమే. కానీ ఆ క్రమం ఎనిమిది పీరియడ్లది కానక్కర్లేదు. పొద్దున ఇరవై నిమిషాలు, మధ్యలో పూర్తిగా వేరే పని, సాయంత్రం మరో ఇరవై నిమిషాలు, రోజూ అదే చోట అదే వరుసలో జరిగితే ఆరు నెలల్లో తేడా కనిపిస్తుంది. గోడ మీద ఆ రోజు పనుల బొమ్మలో మాటలో అంటించి, అయినదాన్ని అయినట్టు తీసేయడం వల్ల పిల్లవాడికి ముందేం జరగబోతోందో తెలుస్తుంది. కరెంటు పోవడం, గుళ్లో మైకు, చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టాలు మన ఇళ్లలో మామూలే కాబట్టి, "అనుకోనిది" అన్న బొమ్మ కూడా ఒకటి ఆ వరుసలో ఉంచుకోవాలి. వచ్చిన చుట్టాలు ఇచ్చే సలహాలకు మాత్రం బొమ్మ అక్కర్లేదు.

ఏం చెప్పాలన్నది పిల్లవాడి ఇష్టాన్ని పట్టుకుని మొదలవ్వాలి. ఉదాహరణకు, ఒక కుర్రాడికి ఆర్టీసీ బస్సులంటే ప్రాణమనుకుందాం. అమలాపురం బస్టాండు నుంచి రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరం వెళ్లే బస్సుల టైములన్నీ అతనికి నోటికి వచ్చు, ఇంట్లో అందరికీ విసుగు వచ్చేదాకా చెబుతూనే ఉంటాడు. ఆ పట్టికనే కాగితం మీద రాయిస్తే అది రాతపని. ఒక బస్సు 7.40కి బయలుదేరి 9.25కి చేరితే ఎంతసేపు పట్టిందో అడిగితే అరవైలతో కూడే లెక్క, అది వందలతో కూడే లెక్క కంటే కష్టం. చేతిలో వంద నోటు పెట్టి టికెట్ తీసుకుంటే చిల్లర ఎంత రావాలో చూస్తే డబ్బు లెక్క. బస్సు గోదావరి పాయను ఎక్కడ దాటుతుంది, ఆ పాయ పేరేమిటి, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నది ఎందుకు చీలింది, కాలువలు ఎండాకాలంలో ఎందుకు కట్టేస్తారు అని పోతే సాంఘికశాస్త్రం. కండక్టరును ఏమని అడగాలి, పక్క సీటులో ఎవరైనా కూర్చుంటే ఎంత ఎడంగా ఉండాలి అన్నది ఏ పుస్తకంలోనూ లేని పాఠం. అదే పనిగా మాట్లాడే విషయాన్ని మాన్పించడానికి పడే శ్రమలో సగం దీనిమీద పెడితే చాలు.

మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుతో వస్తున్నాయి కాబట్టి, ఇంగ్లీషు మీడియంలో చదివి ఆగిపోయిన పిల్లవాడికి అమ్మ తెలుగులో చెప్పడానికి అవి అక్కరకొస్తాయి. మాట రాని పిల్లలు చదవలేరని అనుకోవడం తొందరపాటు. నోటితో చెప్పలేనిది బొమ్మ చూపించో, ఫోనులో టైపు చేసో చెప్పేవాళ్లు ఉన్నారు, పరీక్ష దాకా వెళ్లడానికి ఆ అలవాటే ఆధారం. వయసు వచ్చిన పిల్లలకు స్నానం, గడ్డం, నెలసరి, ఎవరు ఎక్కడ తాకకూడదు అన్నవి లెక్కల కంటే ముందు వరుసలో ఉండవలసిన పాఠాలు.

సర్టిఫికెట్ సంగతి అందరికీ ఆత్రుత కలిగించేది, అన్నిటికంటే ఎక్కువ దారులున్నదీ ఇదే. మామూలు పదో తరగతిలో తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్ అన్నీ ఒకేసారి ఎదురవుతాయి. ఓపెన్ స్కూలు దారిలో ఆ బరువు తగ్గుతుంది. 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్‌లో 14 ఏళ్లు నిండినవారు పదో తరగతికి చేరవచ్చు. మధ్యలో చదువు ఆగి సర్టిఫికెట్లు లేకపోయినా, ఈ కోర్సు చదవగలనని స్వయంగా ధ్రువీకరిస్తే సరిపోతుంది. ఐదు సబ్జెక్టులు చాలు, అందులో ఒక్క భాష ఉంటే చాలు. పదో తరగతి తెలుగు మాధ్యమంలో కూడా రాయవచ్చు. చిత్రలేఖనం, గృహవిజ్ఞానం, డేటా ఎంట్రీ వంటి సబ్జెక్టులు ఉన్నాయి, లెక్కలు తప్పనిసరి కాదు. అన్నిటికంటే పెద్ద ఊరట ఇది: నమోదు ఐదేళ్లు చెల్లుతుంది, ఏడాదికి రెండు విడతలుగా మొత్తం తొమ్మిది అవకాశాలు ఉంటాయి, ఒక విడతలో ఒక్క సబ్జెక్టే రాసినా పాసైన మార్కులు జమ అవుతాయి. ఒక పరీక్ష రాసి మూడు రోజులు దుప్పటి కప్పుకుని పడుకునే పిల్లవాడికి ఇది వరమే. పదో తరగతి స్థాయి ఇంకా అందనివారికి మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన ప్రాథమిక స్థాయిలు కూడా ఈ సంస్థ నిర్వహిస్తుంది.

1991లో మొదలైన మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం, జనం ఓపెన్ టెన్త్ అనేది, ఇంకో దారి. స్టడీ సెంటర్లు చాలావరకు జిల్లా పరిషత్ హైస్కూళ్లలోనే ఉంటాయి, పుస్తకాలు, టీచర్లు, కార్యాలయం అంతా తెలుగులోనే నడుస్తుంది. దగ్గరి సెంటరు, తెలిసిన టీచరు కావాలనుకునేవారికి ఇది నప్పుతుంది. సబ్జెక్టుల వైవిధ్యం, అంతర్జాలంలో పనులు చక్కబెట్టుకునే వీలు కావాలనుకునేవారికి ఎన్‌ఐఓఎస్ మేలు. ఇంటర్‌కు గాని, ఐటీఐకి గాని వెళ్లడానికి రెండిటి సర్టిఫికెట్లూ చెల్లుతాయి. ఆన్‌లైన్ బడి అని ప్రకటనలు ఇచ్చే సంస్థల్లో చేరేముందు ఆఖరున సర్టిఫికెట్ ఎవరి పేరుతో వస్తుందో అడగాలి. ఇక, ఫీజు కడితే చాలు, పరీక్ష సంగతి మేము చూసుకుంటాం అనే ఏజెంట్లు మన పట్టణాల్లో ప్రతి కూడలిలోనూ తగులుతారు. దివ్యాంగ విద్యార్థికి ఫీజులో రాయితీ ఉంటుందన్న సంగతి వాళ్లు చెప్పరు, పైగా కాపీల కేసులో ఇరుక్కుంటే నష్టపోయేది పిల్లవాడే.

ఏ బోర్డు పరీక్ష అయినా ప్రత్యేక సదుపాయాలను అడిగే హక్కు ఉంది. రాయలేనివారికి స్క్రైబ్ (చెప్పిన జవాబును రాసిపెట్టే మనిషి), గంటకు కనీసం 20 నిమిషాల చొప్పున, అంటే మూడు గంటల పేపరుకు మరో గంట అదనపు సమయం ఇవ్వాలని కేంద్రం 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. పదో తరగతి పరీక్షకు స్క్రైబ్‌గా సాధారణంగా తొమ్మిదో తరగతి విద్యార్థినే తీసుకుంటారు. పరీక్ష రోజు పొద్దున మొదటిసారి చూసిన మనిషికి ఆటిజం ఉన్న పిల్లవాడు ఒక్క జవాబు కూడా చెప్పకపోవచ్చు, అందుకే ఆ స్క్రైబ్‌తో రెండు మూడు నెలల ముందు నుంచీ ఇంట్లో పాత ప్రశ్నపత్రాలు రాయించాలి. ఫీజు కట్టేటప్పుడే ఈ సదుపాయాల దరఖాస్తు కూడా పెట్టాలి. పరీక్షకు వారం ముందు అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు. ప్రత్యేక గది అడగాలి, పరీక్ష కేంద్రం ఏదో తెలియగానే ఒక సెలవు రోజున పిల్లవాణ్ణి తీసుకువెళ్లి ఆ గేటు, ఆ మెట్లు, ఆ మరుగుదొడ్డి చూపించి రావాలి.

ఈ సదుపాయాలన్నిటికీ తాళంచెవి సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ ధ్రువీకరణ. సచివాలయంలో గాని మీసేవలో గాని స్లాటు తీసుకుని ఆసుపత్రి శిబిరానికి వెళ్లాలి. 1995 నాటి పాత చట్టంలో ఆటిజం అన్న వర్గమే లేదు, అందులో ఉన్నవి ఏడు వైకల్యాలే. 2016 చట్టం 21 వైకల్యాలను గుర్తిస్తూ ఆటిజాన్ని వేరుగా చేర్చింది. చిన్నతనంలో తీసుకున్న సర్టిఫికెట్లో బుద్ధిమాంద్యం అని రాసి ఉంటే ఇప్పుడు మళ్లీ పరీక్ష చేయించి సరైన వర్గం వేయించుకోవాలి. ఆటిజం తీవ్రతను కొలవడానికి మన దేశంలో వాడే ఐఎస్ఏఏ అనే కొలమానంలో 40 అంశాలుంటాయి, బిడ్డను గమనించడంతో పాటు తల్లిదండ్రులు చెప్పేదాన్ని బట్టి కూడా మార్కులు వేస్తారు. బిడ్డ గురించి గొప్పగా చెప్పుకునే అలవాటును ఆ ఒక్క రోజు పక్కన పెట్టి, రాత్రి నిద్ర నుంచి మరుగుదొడ్డి దాకా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. 40 శాతం, ఆపైన నమోదైతే అర్హతలను బట్టి నెలకు 6,000 రూపాయల పింఛనుకు దారి ఏర్పడుతుంది. ఆటిజం వంటి వైకల్యాలున్నవారి కోసం కేంద్రం ఏర్పాటు చేసిన జాతీయ ట్రస్టు నడిపే నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యం, థెరపీ ఖర్చులకు రక్షణ ఉంది. దీని సంగతి తెలిసినవారు మన జిల్లాల్లో తక్కువ.

సర్టిఫికెట్ చదువే అందరికీ గమ్యం కాదు. కడియం, కడియపులంక నర్సరీల్లో కవర్లలో మట్టి నింపే పని చూడండి: ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపిన మిశ్రమాన్ని నల్ల కవరులో పోయాలి, నేలకు తట్టి అణచాలి, పైన రెండు వేళ్ల ఎడం వదలాలి, వరుసలో పేర్చాలి. పనికి మొదలూ చివరా కళ్లకు కనిపిస్తాయి, ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు, వరుస తప్పితే వెంటనే తెలుస్తుంది. ఇటువంటి పని రోజుకు గంటతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవచ్చు. కొబ్బరి పీచు, నరసాపురం లేసు అల్లిక, దుకాణంలో సరుకు సర్దడం కూడా ఇలాంటివే, కాకపోతే ధూళి, వాసన, చేతివేళ్ల నేర్పు ఎవరికి ఎంతవరకు పడతాయో ముందు చూసుకోవాలి. పనికి కూలి ఇప్పించడం మరచిపోకూడదు. "ఏదో కాలక్షేపం" అన్న పేరుతో ఏళ్ల తరబడి ఉత్తినే చేయించుకునేవాళ్లూ ఉన్నారు. పైచదువులకు వెళ్లగలిగేవారికి 2016 చట్టం ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యా సంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, గరిష్ఠ వయోపరిమితిలో ఐదేళ్ల సడలింపు ఇస్తోంది. ప్రభుత్వ ఉద్యోగాల 4 శాతంలో ఒక శాతం ఆటిజం, బుద్ధిమాంద్యం వంటి వర్గాలకు కలిపి కేటాయించారు.

పద్దెనిమిది నిండే సరికి చట్టం దృష్టిలో తల్లిదండ్రులు సంరక్షకులుగా ఉండరు. బ్యాంకు పనులు, ఆస్తి కాగితాలు సొంతంగా చూసుకోలేని స్థితి ఉంటే 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి సంరక్షకత్వం కోసం దరఖాస్తు చేయాలి. సంతకం పెట్టగలిగి, తన డబ్బు తాను లెక్క చూసుకోగలిగిన పిల్లవాడికి అది అక్కర్లేదు. అతని పేరున ఖాతా తెరిపించి, పింఛను అందులోనే పడేలా చేసి, పాసుబుక్కులో పడిన అంకెలు నెలనెలా అతని చేతనే చదివించవచ్చు.